మక్కచేనిలో భాస్వరపు పద్దు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ ఉత్సవములో నేను పోతన భాగవతమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని కార్యదర్శిగారు కోరిరి. ఇరువదియైదేండ్లుగా ప్రతి శ్రావణమాసమునను ఈ అరుగుమీదనే గజేంద్ర మోక్షమో, రుక్మిణీ కల్యాణమో చదివి, నాకు తెలిసినంతలో అర్థము చెప్పుచు వచ్చితిని. నేను ఏ పాఠశాలలోను కావ్యములు చదివినవాడను కాను. మా తాతగారు మిగిల్చిపోయిన వావిళ్ల ప్రతులే నాకు గురువులు. పగలు సహకార సంఘములో ఎరువుల పద్దులు వ్రాయుట, రాత్రి పద్యములు చదువుకొనుట: నా బ్రతుకంతయు ఇంతే. ఈసారి మాత్రము రాత్రి చదువును విడిచి పగటి పనిని గూర్చి మాటలాడుటకు అనుమతి కోరితిని. అందుకు కారణము ఈ గ్రంథాలయపు బీరువాలోనే దొరికినది. ఆ సంగతి ముందు చెప్పెదను.

2019 వేసవిలో బీరువా దులుపుచుండగా పాత దినపత్రికల క్రింద ఒక కాగితముల కట్ట కనబడెను. అవి భూసార పరీక్ష పత్రములు. 2015 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము భూసార పత్రముల పథకమును ఆరంభించిన పిమ్మట మన ఊరి పొలములనుండియు మన్ను తీసికొనిపోయిరి. 2016లో పత్రములు వచ్చినవి. అక్షరములు వచ్చినవాడను గదా యని వాటిని పంచు పని నాకు ఒప్పగించిరి. ఊరిలోనున్న పట్టాదారులకు ఇంటింటికి తిరిగి ఇచ్చితిని. పట్నమున కాపురమున్న పట్టాదారుల పత్రములను మాత్రము "పట్టాదారు ఊర లేడు" అని చీటి వ్రాసి, దారముతో కట్టి, బీరువాలో నుంచితిని. పద్దు సరిపోయినదని సంతోషించితిని. ఆ భూములను దున్నువాడు ఊరిలోనే ఉన్నాడు గదా యన్న ఆలోచన నాకు తట్టలేదు.

ఆ కట్టలో పైనున్న పత్రము ఒక మూడెకరముల చెలకది. పూర్వము అది ద్రాక్షతోట. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల ద్రాక్షకు ఒకప్పుడు ఎంత పేరుండెనో పెద్దలకు తెలియును. తోట తీసివేసిన పిమ్మట ఆ భూమిని మన ఊరి రైతొకడు కౌలునకు పట్టి 2015 నుండి 2018 వరకు నాలుగు వానకాలములు మక్కజొన్న వేసెను. అతని పేరు చెప్పుట ఉచితము కాదు. ప్రతి మృగశిర కార్తెకును అతడు నా బల్లయొద్దకు వచ్చి, "పంతులూ, ఎకరానికి రెండు బస్తాల డీ.ఏ.పీ. రాయుండ్రి. పోయినేడు చేను తెల్లబడ్డది, ఈసారి బలం జాస్తి కావాలె" అనువాడు. నేను వ్రాయువాడను. మూడెకరములకు ఆరు బస్తాలు, నాలుగేండ్లకు ఇరువదినాలుగు బస్తాలు. అప్పు పద్దులో అతని సంతకము ఇరువది నాలుగు బస్తాలకును ఉన్నది.

పత్రములో నేమున్నది? భాస్వరము ఎక్కువ, జింకు తక్కువ. ఆ రెండు మాటలు బీరువాలో నిదురించుచుండగా మూడు పంటలు గడచిపోయినవి. ఆ రెండు మాటలకు అర్థమేమో తెలిసికొనుటకై నేను పిమ్మట చదివినదియు, చేనిలో చూచినదియు నేడు మీకు నివేదించుచున్నాను.

భాస్వర శబ్దము మనకు క్రొత్తది కాదు. భాస్వరమనగా ప్రకాశించునదని సంస్కృతార్థము. పాశ్చాత్యులు దీనికి పెట్టిన పేరునకు గ్రీకుభాషలో వెలుగును మోయునదని అర్థమట. పేరు పెట్టినవారి చూపు రెండు చోట్లను ఒకటే యగుట చూడుడు. 1669లో జర్మనీ దేశపు హాంబర్గు నగరమున హెన్నిగ్ బ్రాండ్ అను రసవాది బంగారము చేయవలెనను ఆశతో మూత్రమును కుండల కొలది కాచి కాచి, చీకటిలో వెలుగు ఒక తెల్లని పదార్థమును పొందెను. బంగారము రాలేదు. కాని అతనికి దొరికినది లేక గింజ లేదు, ఎముక లేదు, ప్రాణి లేదు. ఎముకలలో భాస్వరమున్నదని శతాబ్దము తరువాత స్వీడను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 1842లో ఇంగ్లాండున జాన్ బెన్నెట్ లాస్ అను భూస్వామి ఎముకలను, భాస్వరపు రాళ్లను గంధకామ్లముతో కలిపి సూపర్ ఫాస్ఫేటు చేయు పద్ధతికి హక్కుపత్రము పొందెను. అతని రోథాంస్టెడ్ క్షేత్రమున నాడు మొదలైన ఎరువుల పరీక్షలు నేటికిని సాగుచున్నవి. నూట ఎనుబదియేండ్లు ఒకే చేనిలో ఒకే పరీక్ష! పద్దులు వ్రాయువాడనగుటచే నాకు ఈ ఓపిక మిక్కిలి నచ్చినది.

మన పూర్వులకు ఈ జ్ఞానము లేదా? పేరు తెలియదు గాని పని తెలియును. కృషిపరాశరమను సంస్కృత గ్రంథములో మాఘమాసమున పెంటకుప్పను త్రవ్వి, ఎండబెట్టి, పొడిచేసి, ఫాల్గుణమున ప్రతి మడిలోను గుంటలు తీసి అందు నింపవలెననియు, విత్తునాడు దానిని తీసి చల్లవలెననియు చెప్పబడియున్నది. ఎరువు లేని పైరు పెరుగునే గాని ఫలింపదని కూడ ఆ ఋషి చెప్పెను. సురపాలుని వృక్షాయుర్వేదములో కుణపజలమను ఎరువున్నది. జంతువుల మాంసము, మూలుగ మొదలగువానిని నీటిలో ఉడికించి, నువ్వుల పిండి, మినుములు, తేనె, నేయి చేర్చి, కుండలో మాగబెట్టి చెట్టుకు పోయుట ఆ విధానము. మాంసములోను మూలుగలోను ఉన్నది భాస్వరమే గదా. ఆ గ్రంథపు వ్రాతప్రతి ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డు గ్రంథాలయమున నుండగా తెప్పించి, ఆంగ్లానువాదముతో 1996లో అచ్చువేసినది మన సికింద్రాబాదులోని ఆసియా వ్యవసాయ చరిత్ర సంస్థ. మన ఇంటి విద్య సముద్రము దాటి పోయి, మరల మనకు ఇరువది మైళ్ల దూరమునకు తిరిగివచ్చినది. గ్రంథాలయములవలన నేమి లాభమని అడుగువారికి ఈ యొక్క ముక్క చెప్పుచుందును.

అయితే మక్కజొన్న మన పూర్వుల పైరు కాదు. పలనాటిలో జొన్నకూడు తినలేక శ్రీనాథుడు చాటువులు చెప్పెనని ప్రతీతి. ఆ జొన్న వేరు, ఈ మక్కజొన్న వేరు. ఇది మెక్సికో దేశమున పుట్టినది. 1492లో కొలంబసు అమెరికా చేరు నాటికి శ్రీనాథుడు కాలము చేసి చాలనాళ్లయినది. పోర్చుగీసువారి ఓడలతో ఇది పిమ్మట మన దేశమునకు వచ్చెను. ఈనాడు మన వైపున కోళ్ల మేతకును, పిండికిని మక్క కావలసివచ్చుచున్నది గాని ఒకప్పుడు మన తాతలు పెరటిలో నాలుగు మొక్కలు వేసికొని పొత్తులు కాల్చుకొని తినుటకే దీనిని ఎరుగుదురు. 1957లో దేశమంతటికిని కలిపి మక్కజొన్న పరిశోధన పథకము ఆరంభింపబడెను. పైరులపై దేశవ్యాప్తముగా కూడి పనిచేయు పద్ధతికి ఇదే మొదలు. హైదరాబాదు అంబర్‌పేట క్షేత్రము అందొక కేంద్రము. 1961లో విడుదలైన తొలి సంకర జాతులలో 'దక్కను' అనునది అచ్చటిదే. ఈ సంకర జాతుల ఆకలి పెద్దది. పెరటి మక్క పెంటతో తృప్తిపడెను. సంకరపు మక్క ఎకరమునకు ఇరువది యిరువదియైదు క్వింటాళ్లు ఇచ్చును, ఇచ్చినంత భూమినుండి లాగుకొనును.

ఇక భాస్వరము మొక్కలో చేయు పని యేమి? నత్రజని ఆకును పచ్చజేయును; అది అందరి కంటికి కనబడును. భాస్వరము చేయు పని కంటికి కనబడదు. ఆకు ఎండనుండి సంపాదించిన శక్తిని మొక్క యంతటికిని మోసికొనిపోవు కూలి భాస్వరము. శాస్త్రజ్ఞులు ఏ.టి.పి. అను పదార్థమందు మూడు భాస్వరపు ముడులున్నవి. ఒక ముడి విప్పినచో శక్తి విడుదలయగును, మరల ముడివేసినచో నిలువయగును. విత్తనములోని వంశ లక్షణములను వ్రాసియుంచు దారమునకు వెన్నెముక కూడ భాస్వరమే. కావున క్రొత్త వేరు పుట్టవలెనన్నను, క్రొత్త ఆకు విప్పవలెనన్నను ఇది ఉండితీరవలెను.

మక్కగింజలో తల్లి దాచిన భాస్వరము కొంత ఉన్నది. మొలకకు సుమారు రెండు వారములు అది చాలును. అటుపిమ్మట బిడ్డ తన వేళ్లతో తాను తెచ్చుకొనవలెను. ఇక్కడనే చిక్కు. నత్రజని నీటిలో కరిగి నీటితో నడచి వేరు చెంతకు వచ్చును. భాస్వరము నడువదు. మన్నులో పడినచోటనే కూర్చుండును. వేరుకు కొన్ని నూలుపోగుల దూరములో నున్న భాస్వరమే వేరుకు అందును, జానెడు దూరములోనిది లేనట్లే. కాబట్టి భాస్వరము వేరు చెంతకు వచ్చుట కాదు, వేరే భాస్వరము చెంతకు పోవలెను. పసిమొక్క వేరెంత? దానికి అందునట్లు విత్తనమునకు ప్రక్కగా రెండంగుళములు, క్రిందుగా రెండంగుళములు ఎరువు పడవలెనని చెప్పుట ఇందువలననే. విత్తనమునకే తగులునట్లు డీ.ఏ.పీ. వేసినచో దానిలోని అమ్మోనియా మొలకను కాల్చును. దూరమైన పస్తు, మరీ దగ్గరైన మంట.

ఈ పస్తు పడిన మక్కను గుర్తించుట సులభము. మూడు నాలుగు ఆకుల మొక్క కురుచగా నిలిచిపోవును. క్రింది ఆకుల కొనలు, అంచులు ఊదారంగునకు తిరుగును. ఆకు చేసిన చక్కెర ఖర్చుపడక ఆకులోనే నిలిచి రంగుగా మారుటయే దానికి హేతువు. ఐతే ఊదారంగు కనబడిన ప్రతి చేనికిని భాస్వరము తక్కువని అనుకొనరాదు. ముసురుపట్టి నేల చల్లబడి, నీరు నిలిచి, వేరు ఊపిరాడక పోయినను ఇదే రంగు వచ్చును, ఎండ కాసినచో తానే పోవును. కొన్ని సంకర జాతులకు ఆ రంగు పుట్టుకతోనే ఉన్నది. మన వాడుకలో దీనిని చూచి "చేను జబ్బుపడ్డది" అని మందు కొట్టువారు కలరు. అది ఆకలియే గాని జబ్బు కాదు.

పసినాటి ఆకలి పొత్తులో తేలును. మక్క ఏడెనిమిది ఆకులు వేయు నాటికే రేపటి పొత్తులో గింజల వరుసలెన్ని యన్నది లోలోపల నిర్ణయమగును. అప్పటికి పొత్తు మన కంటికి కనబడనైన కనబడదు. ఆ దినములలో భాస్వరము చాలనిచో వరుసలు తగ్గును, పీచు ఆలస్యముగా వచ్చును. పైన జల్లు పుప్పొడి రాల్చి ముగించినపిమ్మట పీచు వచ్చినచో గింజ కట్టుటెట్లు? పొత్తు వంకరపోయి, కొన బోడిగా, నడుమ పండ్లూడిన నోటివలె నుండును. ఆ పొత్తును చేతబట్టుకొని యూరియా చాలలేదని అనుకొనువారిని నేను ఎందరినో చూచితిని. మన భాస్వరమంతయు దుక్కిలోనో, విత్తునాడో పడిపోవలెను. మోకాలెత్తు వచ్చినపిమ్మట యూరియాతో కలిపి మీద చల్లిన డీ.ఏ.పీ. ఆ పంట వేళ్లకు చాలవరకు అందదు. అందులోని నత్రజనిచే ఆకు పచ్చబడును, దానిని చూచి మనము మోసపోవుదుము.

ఇప్పుడు లెక్కకు వత్తును. లెక్క లేని మాట నాకు రుచింపదు.

వానకాలపు మక్కకు ఎకరమునకు సుమారు 24 కిలోల భాస్వరమని మన వ్యవసాయ విశ్వవిద్యాలయపు సిఫారసు. యాసంగికి కొంత హెచ్చు. బస్తాపై వ్రాయు అంకె శుద్ధ భాస్వరముది కాదు, ప్రాణవాయువుతో కూడిన రూపముది. అందు నూటికి 44 పాళ్లే శుద్ధ భాస్వరము. ప్రపంచమంతటను ఎరువుల లెక్క ఈ రూపముననే జరుగుచున్నది గనుక మనమును అట్లే చూతము. డీ.ఏ.పీ.లో నూటికి 46 పాళ్లు. ఏబది కిలోల బస్తాలో 23 కిలోలు. అనగా ఎకరమునకు ఒక్క బస్తాతో సిఫారసు ఇంచుమించు తీరినది. సింగిల్ సూపర్‌లో నూటికి 16 పాళ్లు; మూడు బస్తాలకు 24 కిలోలు. బస్తాలు మూడు మోయవలెను గాని దానితో గంధకము, సున్నము ఉచితముగా వచ్చును. మన ఎర్ర చెలకలకు గంధకము చేదు కాదు. డీ.ఏ.పీ. బస్తాతో 9 కిలోల నత్రజని వచ్చును, ఆ మేరకు యూరియా తగ్గించుకొనవచ్చును. తగ్గించినవారిని మాత్రము నేను నా పద్దులో ఇంకను చూడలేదు.

మక్క భూమినుండి తీసికొనునదెంత? ఒక టన్ను గింజతో సుమారు 7 కిలోలు పొలము దాటిపోవును. చొప్ప కూడ ఎత్తుకొనిపోయినచో మరి కొంత. నా మిత్రుడగు కౌలురైతు నాలుగేండ్లలో మూడెకరములకు వేసిన 24 బస్తాలలో భాస్వరము 552 కిలోలు. ఎకరమునకు 20 క్వింటాళ్ల చొప్పున పండెననుకొన్నను గింజతో పోయినది 168 కిలోలు. చొప్పకు ఉదారముగా 80 వ్రాయుడు. 300 కిలోలకు పైగా నిలువ. అది కాక ద్రాక్షతోట నాటి సూపరు, కోళ్ల ఎరువు మొదలగువాని పాత నిలువ ఎంతయో!

ఈ నిలువ ఎక్కడికిని పోలేదు. గాలిలో కలియదు, నీటిలో అంతగా కరుగదు. మన ఎర్ర నేలలలో ఇనుము, అల్యూమినియములు దానిని పట్టి కట్టివేయును. రేగడులలో సున్నము కట్టివేయును. వేసిన యేడు పైరునకు అందునది నూటికి పదునైదు ఇరువది పాళ్లే. తక్కినది అసలు మునిగిన అప్పు కాదు, గడువు పెట్టిన నిలువ వంటిది. వెంటనే చేతికి రాదు, ఏటేట కొంత కొంత విడుదలయగును. ఈ సంగతి తెలియనివాడు బొక్కసము నిండియుండగా బయట వడ్డీకి తెచ్చి అదే బొక్కసములో వేయుచుండును. ఇరువదేండ్లుగా అట్టి చీటీలు వ్రాసినవాడను నేనే.

ఇంతేయైన నష్టము డబ్బుతో పోవును. కాని భాస్వరము మితిమీరినచో జింకునకు శత్రువగును. మొక్క జింకును తీసికొనలేదు. మక్క లేత ఆకులలో ఈనెకు రెండు ప్రక్కల తెల్లని పట్టీలు దీరును, కణుపులు దగ్గరపడును. మా రైతు "చేను తెల్లబడ్డది" అన్నది ఇదియే. తెల్లబడినదని అతడు డీ.ఏ.పీ. పెంచెను, పెంచినకొలది చేను ఇంకను తెల్లబడెను. 2018లో దేశమునకే క్రొత్తగా వచ్చిన కత్తెర పురుగు దానికి తోడై ఆ పంటను సగము తినివేసెను. జింకు సల్ఫేటును డీ.ఏ.పీ.తో కలిపి వేయువారును ఉన్నారు. ఆ రెండును కలిసి కరుగని ముద్దయగును, రెండును వృథా. మూడు దినములైన ఎడము ఉండవలెను.

2019 వేసవిలో ఆ పత్రమును తీసికొని అతని యింటికి పోయితిని. జరిగినది జరిగినట్లు చెప్పితిని. అతడు పత్రమును త్రిప్పి త్రిప్పి చూచి, "ఇండ్ల నా పేరు లేదు గద పంతులూ" అనెను. అంతకుమించి నన్నొక మాట అనలేదు. అన్నను బాగుండెడిది.

ఆ వానకాలము ఇద్దరము కలిసి రెండు చేలలో చిన్న పరీక్ష చేసితిమి. నాకు ఇరువది గుంటల దుబ్బచెలక గలదు. చిరకాలము పెంట యెరుగని నేల. పరీక్షలో భాస్వరము తక్కువని తేలినది. దానిని ఐదు గుంటల చొప్పున నాలుగు పట్టీలు చేసితిని. మొదటిదానికి భాస్వరము లేదు. రెండవదానికి ఎకరమునకు బస్తా లెక్కన సాలులో, విత్తనమునకు ప్రక్కగా. మూడవదానికి అంతే డీ.ఏ.పీ., కాని నెల దినముల పైరుమీద చల్లుట. నాలుగవదానికి సాలులోనే రెట్టింపు. ఇరువదవ దినమునకే తేడా కనబడెను. మొదటి, మూడవ పట్టీలలో మొక్క కురుచ, అంచులు ఊదా. రెండవది ముదురాకుపచ్చగా లేచెను. దానికి పీచు తక్కినవానికన్న వారము ముందుగా వచ్చెను. మూడవ పట్టీ చల్లినపిమ్మట పచ్చబడెను గాని పొత్తు విప్పి చూడగా మొదటిదానికన్న ఎక్కువ మేలు కాలేదు. నాలుగవది రెండవదానితో సరిగా పెరిగెను. గంపలు కొలిచి చూడగా రెండును ఒకటే. రెండవ బస్తాకు గింజ రాలేదు.

అతని ద్రాక్షతోట నేలలో అదే పరీక్ష మారుగా నడచెను. అచ్చట ఒక ఎకరమునకు డీ.ఏ.పీ. అసలే వేయలేదు. నత్రజని, పొటాషు వేసి, దుక్కిలో ఇరువది కిలోల జింకు సల్ఫేటు వేసితిమి. వేయకుండుటకు అతనిని ఒప్పించునప్పటికి నా తలప్రాణము తోకకు వచ్చెను. చేను పోయినచో ఆ ఎకరపు కౌలు నేనిచ్చెదనని మాటయిచ్చితిని. మా ఇంటిలో ఈ మాట చాలకాలము చెప్పలేదు. ఆషాఢమంతయు ప్రొద్దున లేచి ముందు ఆ చేనికి పోయి ఆకులు చూచి, పిమ్మట కచేరికి పోవువాడను. చేను తెల్లబడలేదు. కౌలు ఇచ్చు అవసరము పడలేదు.

ఒక చేను, ఒక వానకాలము, ఇద్దరు మనుష్యులు. దీనిని శాస్త్రమనుట తగదు. రోథాంస్టెడ్ ఓపిక ముందర ఇదెంత? కాని ఒకే బస్తా నా దుబ్బలో అన్నమై, అతని తోటలో భారమైనదన్న మాట నేను నా కంటితో చూచితిని. ఎరువు మంచిదా చెడ్డదా యని అడుగువారికి, ఏ చేనికి అని మారు ప్రశ్న వేయవలసియున్నది.

కోళ్ల ఎరువును గూర్చి ఒక మాట. మన చుట్టుప్రక్కల కోళ్ల షెడ్లు విస్తారము. మక్కగింజలోని భాస్వరములో పెద్దపాలు ఒక విధమగు తాళము వేసిన రూపమున నుండును. కోడి కడుపునకు ఆ తాళము తీయు శక్తి చాలదు. కావున తిన్న భాస్వరములో చాల భాగము రెట్టతో బయటకు వచ్చును. మేతలో వేరుగా కలిపిన భాస్వరము కొంత దానికి తోడగును. ఏటేట లారీల కొలది కోళ్ల ఎరువు తోలించిన చేనికి ఆ పైని డీ.ఏ.పీ. వేయుట అన్నము మీద అన్నము. అట్టి చేల మన్ను మొదట పరీక్షింపవలెను. పొలములోనుండి కొట్టుకొనిపోయిన మన్నుతో భాస్వరము చెరువు చేరినచో అచ్చట నాచునకును, గుర్రపుడెక్కకును అదే విందు. చెరువు పాడైనపిమ్మట చేపలవాడు మనలను తిట్టుట న్యాయమే.

ధర మాట వేరుగా చెప్పనక్కరలేదు. 2022లో డీ.ఏ.పీ. బస్తా 1350 రూపాయలు, 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. చవుకదానిని మితిమీరి వేయుట, ప్రియమైనదానిని ఊహతో వేయుట జరుగుచున్నది. ఆ 1350 కూడ ప్రభుత్వము భరించినది పోగా మిగిలినదే. భాస్వరపు రాయి మన దేశమున రాజస్థానములోని ఝామర్‌కోట్ర మొదలగుచోట్ల కొంత దొరకును గాని చాలదు. మొరాకో, జోర్డాను మొదలగు దేశములనుండి రాయియో, ఆమ్లమో, తయారైన ఎరువో ఓడలలో రావలసినదే. ప్రపంచపు నిలువలలో పెద్దపాలు ఒక్క మొరాకో చేతిలోనున్నది. రాయి గనిలోనిదే గనుక, తీసినకొలది తరుగును. గాలినుండి నత్రజని చేసికొనవచ్చును. భాస్వరమును చేయు విద్య ఎవరికిని లేదు. ఇరువదినాలుగు బస్తాలు ఆ ధరకు 32,400 రూపాయలు. ఒక కౌలు కుటుంబమునకు అది చిన్న మొత్తము కాదు. 2018లో వచ్చిన రైతుబంధు డబ్బు కూడ పట్టాదారునకే చేరెను గాని దున్నువానికి చేరలేదు గదా.

నేలలోని నిలువను విడిపించు సూక్ష్మజీవులున్నవి. భాస్వరమును కరిగించు బాక్టీరియా పొడిని ఎకరమునకు రెండు కిలోలు బాగుగ మాగిన పెంటతో కలిపి విత్తుటకు ముందు చల్లవచ్చును. ఇవి ఉన్న భాస్వరమును కరిగించును గాని లేనిదానిని పుట్టింపవు. నా దుబ్బచెలకవంటి నేలలో దీనిని మాత్రమే నమ్ముకొనుట మంచిది కాదు. మక్క వేళ్లతో స్నేహముచేయు ఒక జాతి బూజు కూడ ఉన్నది. అది తన సన్నని దారములను వేరుకు అందని దూరములకు పంపి భాస్వరమును తెచ్చియిచ్చి, బదులుగా చక్కెర పుచ్చుకొనును. ఎరువు అతిగా వేసిన చేనిలో మొక్క ఈ స్నేహితుని ఆదరింపదు.

ఆ మూడెకరముల సంగతి అడిగెదరు కాబోలు. 2020లో పట్టాదారు దానిని ప్లాట్లు చేసి అమ్మెను. ఇప్పుడు అచ్చట రాళ్లు పాతియున్నవి, రెండిండ్లు లేచినవి. మా రైతు వేరొక చోట ఎకరమున్నర కౌలునకు పట్టెను. ఇరువదినాలుగు బస్తాల భాస్వరములో మిగిలినది ఆ యిండ్ల పునాదుల క్రింద నున్నది. దానిని ఏ పద్దులో వ్రాయవలెనో నాకు తోచలేదు. క్రొత్త నేల పట్టిన దినమున అతడు డీ.ఏ.పీ. చీటికి ముందు మన్ను సంచితో వచ్చెను. "ఈసారి నా పేరు రాయుండ్రి పంతులూ" అనెను. పట్టాదారు పేరు ప్రక్కనే అతని పేరును వ్రాసితిని.

గ్రంథాలయము వారు నా కోరికను మన్నించి వేసవి మూడు నెలలు ఈ వెనుక గదిని మన్ను సంచులకు విడిచియిచ్చిరి. తెచ్చువారికి రెండు మాటలు. పంట కోసినపిమ్మట, ఎరువు వేయకముందు మన్ను తీయవలెను. గట్లవద్ద, చెట్ల నీడన, పెంటకుప్ప యున్నచోట తీయరాదు. ఎకరమున ఎనిమిది పది చోట్ల జానెడు లోతున, అనగా ఆరంగుళములకు తగ్గకుండ, గుంట తీసి, ప్రక్కగోడనుండి పైనుండి క్రిందివరకు సమముగా పొర చెక్కవలెను. అంతయు గోనెపై కలిపి, నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురు పాళ్లు రెండు తీసివేయుచు అరకిలో మిగులువరకు అట్లే చేయవలెను. నీడన ఆరబెట్టవలెను. ఎరువు బస్తాలో మాత్రము మన్ను తేవలదు. ఆ బస్తాలోని భాస్వరమే లెక్కకు వచ్చును. ఫలితము వచ్చినపుడు భాస్వరము ఎకరమునకు 10 కిలోలలోపైన తక్కువ, 24 కిలోలకు మించిన ఎక్కువ. తక్కువైనచో సిఫారసునకు నూటికి ముప్పది పాళ్లు హెచ్చించుట, ఎక్కువైనచో ముప్పది పాళ్లు తగ్గించుట వాడుక. మరీ ఎక్కువైనచో వ్యవసాయాధికారిని అడిగి ఇంకను తగ్గించుకొనవచ్చును.

గుడ్డ సంచులు ఈ బల్లమీదనే యున్నవి. ప్రతి సంచిలోను ఒక చీటి. అందు సర్వే నంబరు, పట్టాదారు పేరు, ఇంతకుముందు వేసిన పంట, తోలించిన ఎరువు, దున్నువాని పేరు వ్రాయవలెను. వ్రాయుట రానివారికి నేను వ్రాసియిచ్చెదను. రేపటినుండి సాయంకాలము ఐదు గంటలకు ఇచ్చటనే యుందును.